బలమైన ఉక్కు ఎందుకు పగులుతుంది? పగులు దృష్టితో పదార్థాల అధ్యయనం

డిగ్రీ స్థాయిలో మీరు తన్యత పరీక్ష చేసే ఉంటారు. ఉక్కు కడ్డీని యంత్రంలో బిగించి లాగడం, ప్రతిబలం-వికృతి రేఖ గీయడం, ఈల్డ్ బలం ఎంతో గుర్తించడం, దానిని భద్రతా గుణకంతో భాగించి డిజైన్‌లో వాడుకోవడం మీకు కొత్త కాదు. పదార్థ ఇంజనీరింగ్‌ను పై స్థాయిలో చదివే వారు మొదట ఆ అంకెనే ప్రశ్నించవలసి ఉంటుంది. నునుపైన కడ్డీని గది ఉష్ణోగ్రత వద్ద, నెమ్మదిగా లాగినప్పుడు వచ్చిన అంకె అది. మీరు తయారుచేసే వస్తువు నునుపుగా ఉండదు, గదిలోనూ ఉండదు.

1943 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్ రేవులో జరిగిన సంఘటన ఈ విషయాన్ని ప్రపంచానికి తెలిపింది. స్కెనెక్టడి అనే కొత్త చమురు నౌక పరీక్షా ప్రయాణం ముగించుకొని రేవులో కట్టి ఉంది. తుఫాను లేదు, అలలు లేవు. గాలి ఉష్ణోగ్రత సుమారు -3 డిగ్రీల సెల్సియస్. ఆ రాత్రి పెద్ద చప్పుడుతో నౌక పైతట్టు, పక్క గోడలు నడిమికి పగిలిపోయాయి; అడుగు పలకలు మాత్రమే రెండు సగాలనూ పట్టి ఉంచాయి. అప్పుడు పైతట్టులో ఉన్న ప్రతిబలం ఆ ఉక్కు తట్టుకోగలదని పట్టికల్లో రాసినదాని కన్నా చాలా తక్కువ. ఆ యుద్ధ కాలంలో కట్టిన లిబర్టీ నౌకల్లో కూడా ఇటువంటి పగుళ్ళు అనేకం కనిపించాయి. కొన్ని నౌకలు సముద్రం మధ్యలో రెండుగా విరిగాయి. మనుషుల ప్రాణాలూ పోయాయి.

మొదట నిందంతా వెల్డింగ్ మీద పడింది. అందులో కొంత నిజం ఉంది. రివెట్లతో కట్టిన నౌకలో పగులు ఒక పలక అంచు దాకా వచ్చి సాధారణంగా అక్కడ ఆగిపోతుంది. వెల్డింగ్ చేసిన నౌక అంతా ఒకే లోహపు ముక్క వంటిది కాబట్టి పగులుకు అడ్డు ఉండదు. చతురస్రాకారపు తలుపుల మూలలు ప్రతిబలాన్ని ఒకచోట పోగు చేశాయి. షాంపూ ప్యాకెట్ అంచున చిన్న గాటు పెడితే ఎంత సులువుగా చిరుగుతుందో గుర్తు తెచ్చుకోండి. అయితే అసలు కీలకాన్ని బయటపెట్టినది కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన కాన్‌స్టెన్స్ టిప్పర్. ఒక ఉష్ణోగ్రతకు దిగువన అదే ఉక్కు సాగడం మానేసి పెళుసుగా పగులుతుందని ఆమె చూపారు.

బెల్లం పాకం వేడిగా ఉన్నప్పుడు తీగలా సాగి, చల్లారాక పుటుక్కున విరుగుతుంది. ఈ పోలిక పైపైన మాత్రమే సరిపోతుంది. ఉక్కులో జరిగేది వేరు. లోహం సాగాలంటే స్ఫటికంలోని డిస్‌లొకేషన్లు కదలాలి. ఇనుము అణువులు గది ఉష్ణోగ్రత వద్ద ఘనపు మూలల్లోనూ దాని కేంద్రంలోనూ అమరి ఉంటాయి. ఈ అమరికలో డిస్‌లొకేషన్లు కదలడానికి ఉష్ణశక్తి తోడ్పాటు కావాలి. చల్లబడిన కొద్దీ ఆ తోడ్పాటు తగ్గి, ఈల్డ్ బలం వేగంగా పెరుగుతుంది. స్ఫటికాన్ని నిలువునా చీల్చడానికి కావలసిన ప్రతిబలం మాత్రం పెద్దగా మారదు. ఒక దశలో సాగడం కన్నా చీలడమే సులువవుతుంది. బలం పెరగడమే ఇక్కడ ప్రమాదానికి దారి తీసింది! అల్యూమినియం, రాగి వంటి లోహాల్లో అణువుల అమరిక వేరు కనుక వాటిలో ఈ ఆకస్మిక మార్పు ఉండదు.

ఈ మార్పును పట్టుకోవడానికి చార్పీ పరీక్ష చేస్తారు. 10 మి.మీ. చదరపు మందం, 55 మి.మీ. పొడవు ఉన్న కడ్డీకి మధ్యలో 2 మి.మీ. లోతు గాటు పెట్టి, ఊగే సుత్తితో ఒక్క దెబ్బలో విరగ్గొడతారు. విరగడానికి ఖర్చయిన శక్తిని జౌళ్ళలో కొలుస్తారు. నేడు నౌకల కోసం తయారయ్యే ఉక్కులో డి గ్రేడును -20 డిగ్రీల వద్ద, ఇ గ్రేడును -40 డిగ్రీల వద్ద ఇలా పరీక్షిస్తారు. కార్బన్ తగ్గించి మాంగనీసు పెంచినా, స్ఫటిక రేణువులను చిన్నవి చేసినా పెళుసుతనం మొదలయ్యే ఉష్ణోగ్రత కిందికి దిగుతుంది. రేణువులను చిన్నవి చేస్తే బలం కూడా పెరుగుతుంది. రెండు లాభాలూ ఒకేసారి ఇచ్చే మార్గం దాదాపు ఇదొక్కటే.

చార్పీ అంకెను నేరుగా డిజైన్ లెక్కలో పెట్టలేము. గాజు మీద గ్రిఫిత్ 1921లో ప్రచురించిన పరిశోధన, 1950లలో ఇర్విన్ చేసిన కృషి ఆ లోటు తీర్చాయి. వెడల్పయిన పలక మధ్యలో పగులు ఉందనుకోండి. దాని సగం పొడవును పై విలువతో గుణించి, వర్గమూలం తీసి, ప్రతిబలంతో గుణించాలి. ఆ ఫలితం పదార్థపు ఫ్రాక్చర్ టఫ్‌నెస్‌ను చేరిన క్షణం పగులు దానంతట అది పరుగెడుతుంది. టఫ్‌నెస్ 50 మెగాపాస్కల్ రూట్ మీటర్, ప్రతిబలం 200 మెగాపాస్కల్ అయితే పలక సుమారు 40 మి.మీ. పగులును భరిస్తుంది. చలికి టఫ్‌నెస్ 25కు పడిపోతే భరించేది 10 మి.మీ. మాత్రమే. సగమైనది టఫ్‌నెస్, నాలుగో వంతైనది పగులు; ఈ వర్గ సంబంధాన్ని విద్యార్థులు తరచూ మరచిపోతారు.

ఇది పాత నౌకల కథ మాత్రమే కాదు. పి.ఎస్.ఎల్.వి. మొదటి దశ మోటారు కవచం మారేజింగ్ ఉక్కుతో చేస్తారు. హైదరాబాద్‌లోని మిధాని ఇటువంటి ప్రత్యేక ఉక్కులను తయారుచేస్తుంది. ఇందులో కార్బన్ అతి స్వల్పం, నికెల్ సుమారు 18 శాతం. బరువు తగ్గాలంటే గోడ పలుచగా ఉండాలి, అంటే ప్రతిబలం ఎక్కువ; అప్పుడు భరించగలిగే పగులు కొద్ది మిల్లీమీటర్లకు కుదించుకుపోతుంది. అందుకే అక్కడ లోహాన్ని ఎంచుకునే వారు, వెల్డింగ్ చేసే వారు, అల్ట్రాసోనిక్ తనిఖీ చేసే వారు ఒకే లెక్క మీద పనిచేయవలసి ఉంటుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఒక పీడన ట్యాంకుకు రెండు ఉక్కులు పరిశీలనలో ఉన్నాయి. మొదటి దాని ఈల్డ్ బలం 400 మెగాపాస్కల్, టఫ్‌నెస్ 80. రెండవ దానికి ఇవి 800, 40. రెండింటిలోనూ ఈల్డ్ బలంలో సగం ప్రతిబలాన్ని అనుమతిస్తున్నారు. మీ తనిఖీ పరికరం 10 మి.మీ. కన్నా చిన్న పగుళ్ళను పట్టుకోలేదు. ఏ ఉక్కును ఎంచుకుంటారు? లెక్కతో చూపండి. ఇదే ట్యాంకును లేహ్‌లో ఆరుబయట బిగించాలంటే, ఉక్కు సరఫరా చేసే వారిని అదనంగా ఏ వివరం అడుగుతారు?