సైకాలజిస్టుపై ఫిర్యాదు ఎవరికి చేయాలి?

డాక్టరు తప్పు చేస్తే మెడికల్ కౌన్సిల్ ఉంది. లాయరు తప్పు చేస్తే బార్ కౌన్సిల్ ఉంది. మరి ఎవరికీ చెప్పని మాటల్ని నమ్మి చెప్పుకుంటే, వాటిని సైకాలజిస్టు బయటపెడితే? మన దేశంలో ఈ ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు దొరకదు. గది బయట బోర్డు మీద ఏ పదం రాసి ఉందో దాన్ని బట్టి జవాబు మారిపోతుంది.

ఆ బోర్డు మీద 'క్లినికల్ సైకాలజిస్టు' అని ఉంటే దారి కొంత స్పష్టంగానే ఉంటుంది. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం ప్రకారం ఆ వృత్తిలో ఉన్నవారు కేంద్ర రిజిస్టరులో పేరు నమోదు చేసుకోవాలి. దానికి రెండేళ్ల పూర్తికాలపు శిక్షణ ఉండాలి, అదీ అనుభవజ్ఞుల పర్యవేక్షణలో. నమోదు లేకుండా ప్రాక్టీసు చేయడం నేరం. ఏడాది వరకు జైలు లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 1992లో వెయ్యి రూపాయలు ఎంతో కొంత మొత్తమే. ఇప్పుడది చాలా గదుల్లో ఒక్క సెషన్ ఫీజు.

ఈ మండలి 1998లో వృత్తి ప్రవర్తన, నైతిక నియమావళిని తెచ్చింది. దాన్ని ఉల్లంఘించినట్టు ఫిర్యాదు అందితే, అవతలివారి వాదన విన్నాక వారి పేరును రిజిస్టరు నుంచి కొంతకాలానికి గానీ శాశ్వతంగా గానీ తొలగించే అధికారం మండలికి ఉంది.

నియమాలు ఎక్కడి నుంచి వచ్చాయి?

నైతిక నియమాలంటే పెద్దలు కూర్చుని రాసిన నీతివాక్యాలని అనుకుంటాం. మనస్తత్వ శాస్త్రంలో కథ అలా నడవలేదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ తన సభ్యులు సుమారు 7,500 మందికీ ఉత్తరాలు రాసింది. 'మీ పనిలో ఏది తప్పో ఏది ఒప్పో తేల్చుకోలేకపోయిన సంఘటన ఒకటి చెప్పండి' అని అడిగింది. వెయ్యికి పైగా సంఘటనలు వచ్చాయి. నికొలస్ హాబ్స్ నాయకత్వంలోని కమిటీ వాటిని వర్గీకరించి నియమాలుగా మలిచింది. 1953లో తొలి నియమావళి అచ్చయింది. ముందు డేటా, తర్వాత సూత్రం. నైతికతకు కూడా శాస్త్రవేత్తలు తమకు తెలిసిన పద్ధతినే వాడారన్నమాట.

అలా వచ్చిన నియమాల్లో బయటివారికి అతిగా అనిపించేవి కొన్ని ఉంటాయి. థెరపిస్టు తన క్లయింటుతో వ్యాపారం చేయకూడదు, దగ్గరి బంధువులకు చికిత్స చేయకూడదు, క్లయింటుతో ప్రేమ సంబంధం అసలే పనికిరాదు. చికిత్స ముగిశాక కూడా కనీసం రెండేళ్లు ఆ గీత దాటకూడదని అమెరికా నియమావళి 1992లో చేర్చింది. కారణం ఉంది. రక్తపరీక్షలో పరికరం వేరు, దాన్ని వాడే మనిషి వేరు. థెరపీలో ఆ మనిషే పరికరం. ఎదుటివారి భయాలు, బలహీనతలు, ఇంటి గొడవలు అన్నీ ఒక్కరికే తెలుస్తాయి, రెండోవారి గురించి క్లయింటుకు ఏమీ తెలియదు. ఇంత అసమానత ఉన్నచోట 'ఇద్దరికీ ఇష్టమే' అన్న మాటకు విలువ తక్కువ.

గోప్యతకూ హద్దుంది

1969లో కాలిఫోర్నియాలో టటియానా టారసాఫ్ అనే యువతి హత్యకు గురైంది. చంపినవాడు బర్కిలీలో చదువుకోడానికి భారత్ నుంచి వెళ్లిన విద్యార్థి. ఆమెను చంపాలన్న ఆలోచన అతను తన సైకాలజిస్టుకు ముందే చెప్పాడు. సైకాలజిస్టు క్యాంపస్ పోలీసులకు చెప్పాడు, వారు కాసేపు పట్టుకుని వదిలేశారు. ఆ అమ్మాయికి మాత్రం ఎవరూ చెప్పలేదు. ప్రమాదంలో ఉన్న మనిషిని కాపాడేందుకు తగిన చర్య తీసుకోవలసిన బాధ్యత థెరపిస్టుకు ఉందని 1976లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

మన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) ఇదే ఆలోచనను జాగ్రత్తగా రాసుకుంది. రోగి సమాచారం గోప్యం. ఇతరులకు హాని జరగకుండా ఆపడానికి బయటపెట్టవచ్చు గానీ, ఆ హానిని ఆపేందుకు ఎంత అవసరమో అంతే. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే మాత్రం పోక్సో చట్టం కింద పోలీసులకు చెప్పి తీరాలి. మంచి థెరపిస్టు ఈ మినహాయింపులన్నీ మొదటి సెషన్‌లోనే వివరిస్తారు. వివరించకపోతే అడగడం క్లయింటు హక్కు.

మెట్లు ఉన్నాయి, అందరికీ కాదు

2017 చట్టంలో ఫిర్యాదుకు మూడు మెట్లున్నాయి. మొదట ఆ మానసిక ఆరోగ్య సంస్థ బాధ్యుడికి, తర్వాత మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు, ఆపై రాష్ట్ర ప్రాధికార సంస్థకు. బోర్డుకు దరఖాస్తు చేయడానికి ఫీజు లేదు. ప్రత్యేక పరిస్థితుల్లో నోటిమాటగానో ఫోన్లోనో చెప్పినా బోర్డు స్వీకరించవచ్చు. బోర్డులో డాక్టర్లే కాదు, మానసిక అనారోగ్యం అనుభవించినవారికి, వారిని చూసుకునేవారికి కూడా చోటుంది.

చిక్కల్లా 'సంస్థ' అన్న పదంతోనే. చట్టం దృష్టిలో అది రోగులను చేర్చుకునే లేదా ఉంచి చూసే చోటు. అద్దె గదిలోనో వీడియో కాల్‌లోనో గంట మాట్లాడి పంపే కౌన్సెలర్‌ను ఈ మెట్లలో ఇరికించడం కష్టం. కౌన్సెలర్, థెరపిస్టు, లైఫ్ కోచ్ అన్న పేర్లకు పునరావాస మండలి రిజిస్టరు కూడా కాపలా కాయదు. వృత్తి సంఘాలు తమ సభ్యుణ్ని వెళ్లగొట్టగలవు, బోర్డును మాత్రం దించలేవు. డబ్బు తీసుకుని చేసిన సేవలో లోపం జరిగితే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, రెండేళ్లలోపు. అది పరిహారం ఇప్పించవచ్చు, కానీ ప్రాక్టీసును ఆపించే చోటు కాదు.

ఈ ఖాళీని పూడ్చడానికే 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. సైకాలజిస్టులు, కౌన్సెలర్లు చాలామంది దాని జాబితాలో ఉన్నారు. నైతికత, రిజిస్ట్రేషన్ కోసం రాష్ట్ర మండళ్లలో విడిగా బోర్డు ఉండాలని కూడా చట్టం చెబుతోంది.

ఇది కాగితం మీది చర్చ కాదు. విశాఖపట్నంలో ఒక నీట్ విద్యార్థిని మరణంపై వచ్చిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు దేశవ్యాప్త మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌ను గానీ సైకాలజిస్టును గానీ సోషల్ వర్కర్‌ను గానీ నియమించాలని చెప్పింది. అవసరమైన ఆదేశమే. కానీ కార్పొరేట్ కాలేజీ జీతమిచ్చే కౌన్సెలర్, హాస్టల్ పిల్ల చెప్పిన మాటను ప్రిన్సిపాల్‌కు చేరవేస్తే ఆ పిల్ల ఎవరి తలుపు తట్టాలి? నియామకం ఎంత త్వరగా జరగాలో ఈ ప్రశ్నకు జవాబు కూడా అంతే త్వరగా రావాలి.

ఫిర్యాదు చేయడంలో మరో బాధ ఉంది. రహస్యం బయటపడిందని చెప్పాలంటే ఆ రహస్యాన్నే మరో కమిటీ ముందు పెట్టాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అందుకే మొదటి అపాయింట్‌మెంట్‌కు ముందే రిజిస్ట్రేషన్ నంబరు అడిగి సరిచూసుకోవడం, ఫీజు రసీదులు, మెసేజీలు దాచుకోవడం మంచిది. చికిత్స రికార్డుల కోసం కూడా అడగవచ్చు. వాటిని చూసే హక్కు 2017 చట్టం ఇచ్చింది. రోగికి తీవ్రమైన మానసిక హాని జరిగే అవకాశముంటే కొంత భాగాన్ని ఇవ్వకుండా ఆపవచ్చు గానీ, అప్పుడు కూడా బోర్డుకు దరఖాస్తు చేసుకునే వీలుందన్న సంగతి రోగికి చెప్పాల్సిందే.