అంగడికి అండగా గాదె

మదురై, కోయంబత్తూరుల పాత తెలుగు వీధుల్లో ఇంటి ముందరే చిన్న అంగడి పెట్టుకున్న అక్కలను చూస్తుంటాం. బేరం బాగున్నా చేతిలో డబ్బు నిలవదంటారు. ఎందుకు? ఒక లెక్క చూద్దాం.

1000 రూపాయల అప్పులో 100 ముందే పట్టుకుని 900 ఇచ్చారనుకోండి. రోజుకు 100 చొప్పున 10 రోజుల్లో తీర్చాలి. 900కు 10 రోజుల వడ్డీ 100! లాభమంతా వడ్డీకే సరి.

దీనికి విరుగుడు మదురై సీమలోనే మొలిచింది. 1990లో ‘ప్రదాన్’ సంస్థ ‘కళంజియం’ పేరిట మహిళల పొదుపు సంఘాలు మొదలుపెట్టింది. 1997లో ఏర్పడిన ధాన్ ఫౌండేషన్ వాటిని విస్తరించింది. కళంజియమంటే మన గాదె. పదిహేను, ఇరవై మంది నెలనెలా కొంత దాచి, అందరూ కలిసి తీర్మానించుకుని, అవసరమైనవారికి అప్పిస్తారు. నూటికి నెలకు 2 రూపాయల వడ్డీ అనుకున్నా, 900కు నెలంతటికీ 18 రూపాయలే. అదీ సంఘం గాదెలోకే చేరుతుంది. ఇలాంటి సంఘాలకు బ్యాంకులూ అప్పిచ్చేలా 1992లో నాబార్డు బాట వేసింది.

ఈ కళంజియాలను నడిపిన వ్యవసాయ కూలీ చిన్నపిళ్లైకి 1999 సంవత్సరపు స్త్రీ శక్తి పురస్కారం అందిస్తూ ప్రధాని వాజపేయి పాదాభివందనం చేశారు. 2019లో పద్మశ్రీ వచ్చింది.

ఒక్క మాట. ఒకరు వాయిదా తప్పితే పక్కింటి అక్క అంగడికి సరుకు రాదు. కాబట్టి అమ్మకం, అరువు, ఇంటికి వాడుకున్న సరుకు వేర్వేరుగా రాసుకోండి. ఎంత అప్పు మోయగలరో ఆ పుస్తకమే చెబుతుంది.