డీఎస్పీ అంటే జిల్లాలో నంబర్ టూనా?

మొన్న సెలవులకి సుమ్మాదేవి వెళ్లినప్పుడు తాత పొలంలో మోటారు ఎవరో ఎత్తుకుపోయారు. ఒక స్టేషన్‌కి వెళ్తే రెండుసార్లు "రేపు రండి" అన్నారు. ఇంటికొచ్చాక తాత అడిగాడు: "ఒరే, డీఎస్పీ అంటే ఏటిరా? ఎస్పీ తరవాత ఆయనేనా?"

"అవును తాతా, డిప్యూటీ అంటే సెకండ్" అనేశాను. ఇంగ్లీష్ సిరీస్‌లలో షెరీఫ్‌నీ, డిప్యూటీనీ చూసిన ధైర్యం మరి. తర్వాత చదివితే అక్కడా తప్పే, ఇక్కడా తప్పే.

అమెరికాలో షెరీఫ్ ఒక కౌంటీకి పోలీసు పెద్ద. చాలా రాష్ట్రాల్లో జనమే ఓట్లేసి ఎన్నుకుంటారు. ఆయన కింద పనిచేసే మామూలు పోలీసులే డిప్యూటీలు, పెద్ద కౌంటీల్లో వందల మంది ఉంటారు. అసలు నంబర్ టూని చాలాచోట్ల అండర్‌షెరీఫ్ అంటారు. షెరీఫ్ లేనప్పుడు ఆఫీసు నడిపేది ఆయనే.

మన దగ్గర జిల్లాకి పెద్ద ఎస్పీ. ఆయన తర్వాత అడిషనల్ ఎస్పీ, ఆ తర్వాతే డీఎస్పీ. అలాగని డీఎస్పీ చిన్నవాడు కాదు. కాశీబుగ్గ, టెక్కలి లాంటి సబ్ డివిజన్‌లో స్టేషన్లన్నిటి మీదా పర్యవేక్షణ ఆయనదే. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కేసులని డీఎస్పీకి తక్కువ ర్యాంకు వాళ్లు దర్యాప్తు చేయకూడదని 1995 రూల్స్ చెప్తాయి. గ్రూప్-1 రాసి మనం కూడా నేరుగా ఈ పోస్టుకి వెళ్లొచ్చు.

భుజం చూసి గుర్తుపట్టడం ఈజీ. డీఎస్పీకి మూడు నక్షత్రాలు. ఇన్‌స్పెక్టర్‌కీ మూడే, కానీ కింద ఎరుపు, నీలం పట్టీ ఉంటుంది. అడిషనల్ ఎస్పీకి సింహాల గుర్తు ఒక్కటే. ఎస్పీకి దానితో పాటు నక్షత్రం కూడా.

ఇదంతా తాతకెందుకు? 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్‌లో సెక్షన్ 173(4) ఉంది. స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ రాయకపోతే, విషయం కాగితం మీద రాసి పోస్టులో ఎస్పీకి పంపొచ్చు. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. డీఎస్పీని కలిసి చెప్పుకోవచ్చు, కానీ ఆ సెక్షన్‌లో పేరున్నది ఎస్పీకే.

తాత చెప్తుంటే నేను రాశాను, రిజిస్టర్ పోస్టు చేశాం. మోటారు ఇంకా దొరకలేదు. ఎఫ్‌ఐఆర్ కాపీ మాత్రం చేతికొచ్చింది, అది ఫ్రీగా ఇవ్వాలని కూడా చట్టంలోనే ఉంది. తాత దాన్ని పట్టా కాగితాలతో కలిపి ట్రంకుపెట్టెలో పెట్టుకున్నాడు.