కిట్టు మార్చినా ఆగని ఆటో!

మరమ్మతు తర్వాత బ్రేకు బలహీనపడితే కారణం పెడలే చెబుతుంది

గోదావరిఖని: మాస్టర్ సిలిండర్‌లో కొత్త కిట్టు వేశారు. చక్రాలకు కొత్త లైనర్లు బిగించారు. నూనె కూడా మార్చారు. అయినా తొక్కితే పెడల్ మెత్తగా కిందికి దిగిపోతోంది. రెండు మూడుసార్లు కొడితే గానీ ఆటో ఆగడం లేదు. 'కొత్త లైనర్లు కదా, నాలుగు రోజులు తిరిగితే అదే సర్దుకుంటుంది' అన్న మాట నమ్మి అదే బండిని రోడ్డెక్కిస్తే ప్రమాదాన్ని వెంట తీసుకెళ్లినట్లే.

గోదావరిఖని ప్రధాన చౌరస్తా నుంచి యైటింక్లైన్ కాలనీ, ఎన్టీపీసీ, రామగుండం రైల్వేస్టేషన్ వైపు వెళ్లే ఆటోల్లో షిఫ్టు కార్మికులుంటారు, బడి పిల్లలుంటారు. ముందూ వెనుకా లారీలుంటాయి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు 11 మీటర్లు ముందుకు పోతుంది. పెడల్‌ను రెండోసారి కొట్టడానికి అర సెకను పట్టినా అయిదున్నర మీటర్లు దాటిపోయినట్లే. ముందున్న లారీకి, ఆటోకు మధ్య అంత ఖాళీ ఎన్నిసార్లు ఉంటుంది?

కొత్త లైనర్లు డ్రమ్ముకు ఒరుసుకుని కుదురుకోవడానికి కొంత సమయం పడుతుందన్నది నిజమే. అయితే అప్పుడు సాధారణంగా పెడల్ గట్టిగానే ఉంటుంది, పట్టు మాత్రమే తక్కువగా ఉంటుంది. పెడల్ స్పాంజిలా మెత్తబడితే మాత్రం నేరం లైనర్లది కాదు, గొట్టాల్లో చిక్కుకున్న గాలిది.

గాలి పోయే దారేది?

హైడ్రాలిక్ బ్రేకుల్లో కాలి ఒత్తిడిని చక్రాలకు చేర్చేది నూనే. నూనె దాదాపుగా నలగదు, గాలి నలుగుతుంది. పెడల్ తొక్కినప్పుడు మాస్టర్ సిలిండర్ నుంచి కదిలే నూనె కొద్ది మిల్లీలీటర్లే కాబట్టి చిన్న బుడగ ఉన్నా శ్రమంతా దాన్ని నలపడానికే ఖర్చవుతుంది. గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టడం ఆనవాయితీ. ఒకరు పెడల్ తొక్కిపట్టాలి, మరొకరు నిపిల్ వదులు చేయాలి. నిపిల్ బిగించిన తర్వాతే కాలు తీయాలి. ముందే తీస్తే పోయిన గాలి తిరిగి లోపలికి వస్తుంది. పని ముగిసేవరకు డబ్బాలో నూనె అడుగంటకూడదు. ఇంత చేసినా మెత్తదనం పోకపోతే చక్రాల సిలిండర్లను చూడాలి. నిపిల్ పైవైపున ఉండాలి. బిగించేటప్పుడు కుడి, ఎడమ తారుమారై అది కిందికి వస్తే గాలి పైనే నిలిచిపోతుంది, సీసాల కొద్దీ నూనె పోసినా ఫలితం ఉండదు. విదేశాల్లో గుట్టల్లో నడిపే ఏటీవీ బండ్ల డిస్కు బ్రేకులు విప్పి బిగించినప్పుడూ ఇదే పొరపాటు జరుగుతుంటుంది.

రెండు మూడుసార్లు కొట్టగానే పెడల్ పైకి వచ్చి గట్టిపడితే షూలకు, డ్రమ్ముకు మధ్య ఎడం ఎక్కువైందేమో చూడాలి. ఎడం సరిచేయకుండా గాలి తీస్తూ కూర్చుంటే శ్రమే మిగులుతుంది. అరిగి వెడల్పైన డ్రమ్ములోనే కొత్త లైనర్లు వేసినా ఇదే బాధ.

గట్టిపడిన పెడల్‌ను అర నిమిషం అదిమిపట్టండి. మెల్లగా కిందికి జారుతోందా? చక్రాల లోపలివైపు, పైపుల కీళ్ల వద్ద తడి ఉంటే నూనె కారుతున్నట్లు. ఎక్కడా తడి కనిపించకపోతే మాస్టర్ సిలిండర్‌లోని రబ్బరు కప్పు తిరగబడిందనో, గీతలు పడిన సిలిండర్‌లోనే కొత్త కిట్టు వేశారనో అనుమానించాలి.

పెట్రోలుతో కడిగితే..

కొత్త కిట్టును చెడగొట్టే అలవాటు మరొకటి ఉంది. విడిభాగాలను పెట్రోలు, డీజిల్, కిరోసిన్‌తో కడగడం. ఇంజిన్‌కు అది చెల్లుతుంది, బ్రేకులకు చెల్లదు. ఈ నూనెలు తగిలితే బ్రేకు రబ్బరు కప్పులు ఉబ్బిపోతాయి. మొదట బాగానే ఉన్న బ్రేకు తర్వాత పట్టేయడమో, జారిపోవడమో జరుగుతుంది. నూనె డబ్బాలో ఇంజిన్ ఆయిల్ పోసినా అంతే. అప్పుడు కప్పులన్నీ మళ్లీ మార్చవలసిందే. కడగడానికి కొత్త బ్రేకు నూనె చాలు.

మూత తీసి నెలల తరబడి అరలో ఉంచిన నూనె పనికిరాదు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-3 నూనె కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదన్నది ప్రమాణం. తేమ చేరితే ఆ హద్దు 140కి పడిపోతుంది. వేసవిలో 45 డిగ్రీలు దాటే రామగుండం ఎండలో, నిండా జనంతో పదేపదే ఆగే ఆటోకు ఈ తేడా చిన్నది కాదు. నూనె మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ఉదయం బాగున్న బ్రేకు మధ్యాహ్నం మెత్తబడుతుంది.

పెడల్ రాయిలా ఉండి బండి ఆగకపోతే లైనర్లపై గ్రీజు, నూనె పడ్డాయేమో చూడాలి. నూనె పీల్చిన లైనరును గీకి వాడటం కన్నా మార్చడమే మేలు.

ఏ లోపం సరిచేసినా తొలి పరీక్ష ఖాళీ మైదానంలో, ఖాళీ బండితో, నెమ్మదిగా జరగాలి. సురక్షితం కాని వాహనాన్ని తెలిసీ రోడ్డుపై నడపడం 1988 మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద నేరమవుతుంది. వారం తిరిగాక లైనర్లు కుదురుకుంటాయి కాబట్టి ఎడం మరోసారి సరిచేయించి, నూనె మట్టం చూసుకోవాలి. మట్టం తగ్గి ఉంటే పైనుంచి నింపి ఊరుకోకుండా ఎక్కడ కారుతోందో వెతికించాలి.