పసిబిడ్డతో విహారయాత్ర: ఆపకూడని వేగాలు

మా జొన్నగిరి తొలకరి నాడు జనంతో నిండిపోయే ఊరు. వాన కురిసి పైమట్టి కొట్టుకొనిపోగానే వజ్రం దొరుకుతుందన్న ఆశతో ఎక్కడెక్కడి కుటుంబాలో వచ్చి పొలాలలో వంగి వెదుకుతూ ఉంటాయి. చంకలో బిడ్డతో వచ్చే తల్లులూ ఉంటారు. పెద్దల చూపు నేలమీదనే ఉంటుంది. బిడ్డ దప్పిక, నిద్ర, అలసట ఎవరికీ కానరావు. సాయంకాలానికి వాడిన కాడవలె మారిన పిల్లలను ఎత్తుకొని మా అరుగు ఎక్కిన తల్లిదండ్రులను ఎందరినో మందలించాను. అయితే అదే పొరపాటు గత వేసవిలో నా కళ్ల ఎదుట, నా ప్రమేయంతోనే జరిగింది. ఆ అనుభవం నలుగురికీ ఉపయోగపడగలదన్న తలంపుతో ఇది వ్రాస్తున్నాను.

హైదరాబాదులో ఉన్న మా అమ్మాయి, అల్లుడు తమ రెండేళ్ల మూడు నెలల కుమారుని రామోజీ ఫిల్మ్ సిటీకి తీసుకొనిపోదలచి నన్నూ రమ్మన్నారు. 1996లో రామోజీరావు గారు అబ్దుల్లాపూర్‌మెట్ వద్ద నెలకొల్పిన ఆ ప్రాంగణం వెయ్యిన్నర ఎకరాలకు పైబడినది. తోటలు, సినిమా సెట్టులు, ప్రదర్శనలు, పిల్లల ఆటలు అన్నీ చూడాలంటే పెద్దలకే ఒక దినం చాలదు. "ఎండలు తగ్గి కార్తికం వచ్చిన తరువాత పోదామమ్మా" అన్నాను. "అప్పుడు ఆయనకు సెలవు దొరకదు నాయనా" అన్నది అమ్మాయి. నేనూ ఊరకున్నాను.

తెల్లవారుజామున గాఢనిద్రలో ఉన్న పిల్లవానిని లేపి బట్టలు తొడిగాము. ప్రతిదినం లేచిన వెంటనే అయ్యే విరేచనం ఆనాడు తొందరలో కాలేదు. పాలు సగం త్రాగి విడిచిపెట్టాడు. లోపలికి పోయిన తరువాత రంగులను, జనాన్ని చూచి వానికి ఆకలి గుర్తురాలేదు. నీళ్లు అడిగినపుడు "ఈ ప్రదర్శన అయిపోనీ నాన్నా" అన్నాము. అలిగి ఏడ్చినపుడు కూల్‌డ్రింకు రెండు గుక్కలు పట్టి నోరు మూయించాము. మధ్యాహ్నం కన్నులు మూతపడుతుంటే "నిద్రపోతే ఏమి చూస్తాడు?" అని అల్లుడు బుగ్గ తట్టాడు. నేను కూడా వాని చేయి ఊపి "అదిగో రైలు, చూడరా!" అన్నాను.

కొంతసేపటికి అమ్మాయి డైపరు తడిమి చూచి సంతోషించింది. "పొద్దుననగా కట్టినది, ఇంకా పొడిగానే ఉంది నాయనా, మార్చే పని తప్పింది!" అన్నది. ఆ మాట వినగానే నా గుండె ఝల్లుమన్నది. ఇంటి నుండి బయలుదేరి ఆరు గంటలు దాటింది. పిల్లవాని పెదవులు ఎండిపోయి ఉన్నాయి. మరల ఏడ్చాడు గాని కంట నీరు రాలేదు. నలభై ఏండ్లు నాడి పట్టిన నేను ఆ ఎండిన డైపరును గమనింపలేదు.

వెంటనే చెట్టునీడకు చేరి, చొక్కా విప్పి, తడిగుడ్డతో మెడ, చంకలు, గజ్జలు తుడుస్తూ విసరాము. మొదట మంచినీరు, తరువాత ఓ.ఆర్.ఎస్. ద్రావణం చెంచా చెంచాగా పట్టాము. పిలిస్తే పలుకుతున్నాడు, అడిగి అడిగి త్రాగుతున్నాడు గనుక అక్కడ ఆగగలిగాము. వాడు మగతగా పడి ఉన్నా, త్రాగలేకపోయినా క్షణం ఆలస్యం చేయక ఆస్పత్రికి పోయి ఉండేవారము. అరగంట తరువాత మూత్రం వచ్చింది. అంతట వాడు తల్లి ఒడిలో గంటన్నర నిద్రించాడు.

వేగధారణమే మూలం

చరకసంహిత సూత్రస్థానంలో ఏడవ అధ్యాయం పేరే నవేగాన్ధారణీయం. సహజంగా పుట్టే వేగాలను బలవంతంగా ఆపరాదని అందలి బోధ. మూత్రం, మలం, శుక్రం, అపానవాయువు, వాంతి, తుమ్ము, త్రేన్పు, ఆవులింత, ఆకలి, దప్పిక, కన్నీరు, నిద్ర, శ్రమవలన కలిగే నిశ్వాసం అని పదమూడింటిని ఆచార్యుడు లెక్కించాడు. గురుకులంలో ఈ అధ్యాయాన్ని వల్లె వేసినపుడు ఇది పెద్దలు తమంతట తాము చేసే తప్పును గురించి చెప్పినదని భావించేవాడను. పసిబిడ్డ తన వేగాన్ని తాను ఆపుకొనడు, మనమే ఆపుతామని ఆనాడు తెలిసింది. నిద్ర, మలం, ఆకలి, దప్పిక, కన్నీరు అనే ఐదింటిని మేము ముగ్గురు పెద్దలము కలిసి ఒక్క పూటలో అడ్డగించాము.

సుశ్రుతుడు ఒక సంవత్సరం వరకు బిడ్డను క్షీరపుడని, రెండేండ్ల వరకు క్షీరాన్నాదుడని, ఆపైన అన్నాదుడని అన్నాడు. అన్నాదుడైనంత మాత్రాన పెద్దవాడు కాడు. బరువుతో పోల్చితే పసివారి చర్మవైశాల్యం మనకంటే ఎక్కువ గనుక బయటి వేడి త్వరగా లోనికి చేరుతుంది. చెమటతో చల్లబడే శక్తి తక్కువ. దప్పికను మాటలలో చెప్పలేరు. పైగా గ్రీష్మంలో వాతం సంచయమై బలం క్షీణిస్తుందని శాస్త్రం. కనుక వేసవిలో విహారం తప్పనిసరియైతే ఉదయం పది గంటలలోపు, సాయంకాలం నాలుగు తరువాత మాత్రమే ఆరుబయట తిరగాలి. నడిమి వేళ నీడపట్టున నిద్రకు కేటాయించాలి.

1955 జూలై 17న అమెరికాలో డిస్నీలాండ్ ప్రారంభమైన నాడు ఎండ విపరీతంగా కాసింది. కొళాయి పనివారి సమ్మె వలన త్రాగునీటి కొళాయిలు తగినన్ని పనిచేయక జనం అల్లాడిపోయారు. ఎంత గొప్ప వినోదమైనా నీరు, నీడ లేనిచోట నిలువదు.

సంచిలో ఉండవలసినవి

ముందుగా కాచి చల్లార్చిన నీరు. గుర్తుగా ప్రతి అరగంటకు నాలుగైదు చెంచాలైనా పట్టాలి. అడిగేవరకు ఆగరాదు. ఉదయం చిలికిన పలుచని మజ్జిగలో చిటికెడు ఉప్పు వేసి చల్లగా ఉండే సీసాలో పోసి, మధ్యాహ్నంలోపు ఇవ్వవచ్చు. మన ఆదోని, ఎమ్మిగనూరు ఇండ్లలో ప్రయాణానికి ఉగ్గాని కట్టుకొనడం వాడుక. బిడ్డ పాలు మాత్రం పచ్చిమిరప, వేరుశెనగ వేయకముందే తీసి మెత్తగా నలిపి పెట్టండి. జొన్న పేలాలు వేసవిలో తేలికైన పథ్యమే అయినా పసివారికి గింజగా పెట్టరాదు, గొంతుకు అడ్డుపడతాయి. పిండి కొట్టి మజ్జిగలో కలిపి ఇవ్వండి. వేరుశెనగ, బఠాణీలు, గట్టి మిఠాయిలు అయిదేండ్ల లోపు వారి చేతికి ఇవ్వరాదు. ఇడ్డెన, మాగిన అరటిపండు మేలు.

వస్త్రాలు నూలువే కావలెను. 1938లో మాచాని సోమప్ప గారు ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘాన్ని స్థాపించిన ప్రాంతం మనది. పాత నూలు పంచె ముక్క ఒకటి సంచిలో ఉంటే తడిపి తుడవడానికి, నీడపట్టున పరచడానికి పనికివస్తుంది. పిల్లల బండిని దుప్పటితో పూర్తిగా కప్పకండి, లోపల వేడి పెరుగుతుంది.

ఓ.ఆర్.ఎస్. పొట్లం ఒకటి తప్పక ఉంచండి. పొట్లంపై వ్రాసినంత నీటిలోనే కలిపి, 24 గంటలలోపు వాడి, మిగిలినది పారబోయాలి. పొట్లం లేనపుడు ఒక లీటరు మంచినీటిలో ఆరు చదును చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి వాడవచ్చు. ఉప్పు ఎక్కువైతే హాని. కూల్‌డ్రింకులు దీనికి ప్రత్యామ్నాయం కావు.

ఇంటి వైద్యం ఆపవలసిన చోటు

ఆరు గంటలకు పైగా మూత్రం రాకపోవడం, కన్నులు లోతుకు పోవడం, ఏడ్చినా కన్నీరు రాకపోవడం, మగత, ఫిట్స్, ఎడతెగని వాంతులు, ఒళ్లు కాలిపోతూ ఉండడం కనిపిస్తే చిట్కాల జోలికి పోవద్దు. తడిగుడ్డతో చల్లబరుస్తూనే ఆస్పత్రికి చేర్చండి. స్పృహ సరిగా లేని బిడ్డ నోట ఏమీ పోయరాదు.

మా ఊరికి చేరువలోని ఎర్రగుడి బండలమీద అశోకుని శాసనాలు ఉన్నాయి. మనుష్యులకు, పశువులకు చికిత్స ఏర్పాటు చేయడం, ఓషధులు నాటించడం, దారులవెంట బావులు త్రవ్వించి చెట్లు పెంచడం రెండవ శాసనంలోని విషయం. బాటసారికి వైద్యం, నీరు, నీడ ఒక్కచోట చెప్పిన ఆ రాతిని చిన్ననాటి నుండి చూస్తున్నాను. అయినా నా మనవని విషయంలో మరచిపోయాను.

ఆనాడు నిద్రలేచిన తరువాత మేము మరి ఏ ప్రదర్శనకూ పోలేదు. చేతులు కడిగే కొళాయి వద్ద వాడు నీటి ధారను పట్టుకొనబోయి నవ్వుతూ పావుగంట ఆడాడు. మేము ఒక్క ప్రదర్శన విడిచిపెట్టినందుకు వానికి ఏ లోటూ కలుగలేదు. ఇంటికి చేరేలోపు డైపరు రెండుసార్లు మార్చవలసి వచ్చింది. ఈసారి ఆ పనికి అమ్మాయి విసుగుకొనలేదు.