విద్యుత్తోరణం

ప్రొద్దుటూరుకు సమీపంలోని రాజుపాలెం పొలాలలో మోటారు నడిపే రైతునడిగితే, తీగ ఎక్కడ తెగుతుందో తడుముకోకుండా చెబుతాడు. మాటిమాటికీ వంగినచోట, మెలితిరిగినచోట అది తెగుతుంది. మన ఇంటి ఇస్త్రీపెట్టె తీగ సైతం పిడి మొదటనే పాడవుతుంది. కదిలే యంత్రానికి విద్యుత్తునందించడంలోని చిక్కంతా ఈ చిన్న అనుభవంలోనే ఉన్నది.

ఆ చిక్కును పెద్దయెత్తున చూడదలచినవారు మన జిల్లా దాటనక్కరలేదు. ఎర్రగుంట్ల మండలం కలమల్ల వద్ద రాయలసీమ తాప విద్యుత్ కేంద్రం 1994లో ఉత్పత్తి ప్రారంభించింది. ఇటువంటి కేంద్రాలలో టర్బైన్లుండే విశాలమైన శాలలో, కప్పుకు దిగువన ఇరుగోడల వెంబడి పట్టాలుంటాయి. వాటిపై ఒక ఉక్కు వంతెన శాల పొడవునా నడుస్తుంది. వంతెనమీద ట్రాలీ అనే బండి ఈ గోడనుండి ఆ గోడకు తిరుగుతుంది. ట్రాలీనుండి వేలాడే కొక్కెం పైకీ కిందికీ కదులుతుంది. ఇదే ఓవర్‌హెడ్ క్రేను. మరమ్మతుల వేళ టర్బైను మూతలను, రోటార్లను ఎత్తి పక్కన పెట్టేది ఇదే. మోటార్లన్నీ పైన ఉంటాయి. సాధారణంగా 415 వోల్టుల మూడు ఫేజుల విద్యుత్తు వాటిని వెన్నంటి పోవాలి.

పూర్వం పట్టాల పక్కన ఏ తొడుగూ లేని ఇనుప కడ్డీలనో, రాగి కడ్డీలనో బిగించేవారు. క్రేనుకున్న పట్టీలు వాటిని ఒరసుకుంటూ విద్యుత్తును గ్రహించేవి. ఖర్చు తక్కువే. కాని గ్రీజు పెట్టడానికి పైకెక్కిన కార్మికుని మోచేయి కడ్డీకి తగిలితే ప్రాణం దక్కడం కష్టం. అందుచేతనే నేడు కడ్డీలకు ప్లాస్టిక్ తొడుగువేసి, పట్టీ దూరేటంత సందు మాత్రమే ఉంచుతున్నారు.

ట్రాలీకి చేసే ఏర్పాటు మరింత ముచ్చటైనది. దానిని ఫెస్టూన్ అంటారు. ఆ ఆంగ్లపదానికి పూలదండల తోరణమని అర్థం. మసిలో మునిగితేలే ఇంజనీర్లకు ఇంత రసికత ఎలా అబ్బిందో కాని, పేరు చక్కగా అతికింది. వంతెన వెంట ఒక సన్నని పట్టా, దానిపై చిన్న చక్రాల కొక్కేలు, వాటినుండి వంపులు వంపులుగా వేలాడే కేబులు. ట్రాలీ దూరమైతే వంపులు విచ్చుకుంటాయి. దగ్గరైతే ముడుచుకొని లోతుగా వేలాడతాయి. కేబులు బల్లపరుపుగా ఉంటుంది గనుక ఒకే దిశలో వంగుతుంది, మెలిపడదు. లోపల వెంట్రుకలవంటి రాగి పోగులుంటాయి. కొక్కేల నడుమ కేబులు వంపుకన్న కొంచెం పొట్టిగా ఒక తాడు కడతారు. లాగుడంతా అది భరిస్తుంది. తాడు తెగినా పట్టించుకోకపోతే ఆ లాగుడు కేబులుమీద పడి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. పైతొడుగు మాత్రం చెక్కుచెదరక కంటిని మోసగిస్తుంది.

విశాఖపట్నం వంటి రేవులలో ఆరుబయట నడిచే పెద్ద క్రేన్లకు ప్రొద్దుటూరు నేతగాళ్ళ కండెవంటి చక్రం ఉంటుంది. క్రేను సాగుతుంటే కేబులు విడుతుంది, తిరిగి వస్తుంటే చుట్టుకుంటుంది.

1992లో జాతికి అంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారం వంటిచోట క్రేను మోసేది సుమారు 1,600 డిగ్రీల వేడిలో కరిగిన ఉక్కును. నడుమ కేబులు తెగితే? క్రేను బ్రేకులు విద్యుత్తున్నంతవరకే విడివడి ఉంటాయి. అది ఆగగానే స్ప్రింగులు వాటిని బిగించివేస్తాయి. ఉక్కు నిండిన గంగాళం పడదు, కదలదు. లోపల ఉక్కు చల్లారి గడ్డకట్టనారంభిస్తుంది. కిందనున్నవారినందరినీ దూరంగా పంపి, ఎలక్ట్రీషియను పైకెక్కవలసి ఉంటుంది. ఎక్కేముందు అతడు మెయిన్ స్విచ్చి ఆపి, దానికి తాళంవేసి, తాళంచెవిని తన జేబులోనే వేసుకుంటాడు.