స్వాతంత్ర్యం కావాలంటే పోరాడితే చాలదా? కాగితం మీద రాయడం ఎందుకు?

ఈ రోజు ఎపిసోడ్‌లో ఒకటే ప్రశ్న. ఒక దేశం స్వతంత్రం కావాలంటే పోరాడాలి, గెలవాలి. మరి మధ్యలో ఈ ప్రకటన ఎందుకు? "ఇక మేం స్వతంత్రులం" అని రాసి, పది మంది ముందు చదవడం ఎందుకు?

మా కొలకలూరు వైపు అన్నదమ్ములు వేరుపడేటప్పుడు ఏం చేస్తారో చూడండి. పొలం మధ్యలో గట్టు వేసుకుంటే పని అయిపోదు. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి పంపకాల కాగితం రాసుకుంటారు, సాక్షులతో సంతకాలు పెట్టిస్తారు, రిజిస్ట్రేషన్ చేయించుకుంటారు. ఎందుకంటే రేపు బ్యాంకులో లోన్‌కి వెళ్తే, నీ వాటా ఏదని అడుగుతారు కదా. దేశాల సంగతీ దాదాపు ఇంతే. కాకపోతే దేశాలకి రిజిస్ట్రారు ఆఫీసు లేదు. సాక్షి సంతకం పెట్టాల్సింది మిగతా ప్రపంచమే.

అమెరికానే తీసుకోండి. 1776 జూలై 2న బ్రిటన్ నుంచి విడిపోవాలని ఓటు వేశారు. రెండు రోజుల తర్వాత, అంటే 4న, ప్రకటనని ఆమోదించారు. నిర్ణయం అప్పటికే అయిపోయింది. ఆ కాగితం పని కారణాలు చెప్పడం. అందుకే అందులో ఎక్కువ భాగం రాజు మూడో జార్జి మీద ఫిర్యాదుల చిట్టానే. అసలు ఆ కాగితం ఎవరు చదవాలి? ఫ్రాన్స్ లాంటి దేశాలు. బ్రిటన్ రాజు ప్రజలుగా ఉన్నంతకాలం అది వాళ్ల ఇంటి గొడవ. దేశంగా నిలబడితేనే వేరే దేశం ఒప్పందం చేసుకోగలదు. 1778లో ఫ్రాన్స్ ఆ ఒప్పందం చేసుకుంది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 1929 డిసెంబరులో లాహోర్ కాంగ్రెస్‌కి అధ్యక్షుడు నెహ్రూ. అక్కడ పూర్ణ స్వరాజ్యం మా లక్ష్యం అని తీర్మానించారు. 1930 జనవరి 26న దేశమంతటా జనం గుమిగూడి ప్రతిజ్ఞ చదివారు. అందులో ఏముందో తెలుసా? పెద్ద పెద్ద మాటలతో పాటు లెక్కలు కూడా ఉన్నాయి. మనిషి సగటు ఆదాయం రోజుకి ఏడు పైసలని, కట్టే పన్నుల్లో 20 శాతం రైతుల భూమిశిస్తు నుంచే వస్తోందని, 3 శాతం ఉప్పు పన్నని, ఆ ఉప్పు పన్ను భారం పేదవాడి మీదే ఎక్కువ పడుతోందని రాశారు. నూలు వడికే చేతిపని పోయి రైతు ఏడాదిలో కొన్ని నెలలు ఖాళీగా కూర్చుంటున్నాడని కూడా రాశారు.

ఇక్కడ ముఖ్యంగా చదవాల్సింది పరాయి రాజు కాదు, మనమే. ఒక ప్రసంగం విని ఇంటికి వెళ్లిపోవచ్చు. కానీ నోటితో ప్రతిజ్ఞ చేశాక మాట ఇచ్చినట్టే. ఆ తర్వాత రెండు నెలలు తిరక్కుండానే, మార్చి 12న గాంధీ దండి వైపు నడక మొదలుపెట్టారు. చిట్టాలో ఉన్న ఉప్పే ఉద్యమం అయింది. ఇక్కడ టంగుటూరి ప్రకాశం అప్పటి గుంటూరు జిల్లాలోని దేవరంపాడులో ఉప్పు సత్యాగ్రహ శిబిరం నడిపారు. ఆ వేడి చల్లారలేదు. 1942 ఆగస్టు 12న తెనాలిలో పోలీసు కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. రణరంగ చౌక్‌లో ఉన్న స్తూపాలు వాళ్లవే. రోజూ బండి మీద దాటిపోతుంటాం, ఈసారి ఒక్క నిమిషం ఆగి చూడండి.

ఇంకో తమాషా ఏంటంటే, 1947లో అధికారం చేతులు మారింది బ్రిటిష్ పార్లమెంటు చేసిన చట్టంతో. మనం మనంగా చేసుకున్న ప్రకటన మాత్రం 1930 నాటిది. అందుకే రాజ్యాంగం అమలుకి 1950 జనవరి 26ని ఎంచుకున్నారు.

అయితే ప్రకటన చేసేస్తే దేశం వచ్చేస్తుందా? రాదు. దానికి ఉదాహరణ మన పక్కనే ఉంది. 1947 జూన్‌లో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్, బ్రిటిష్ వాళ్లు వెళ్లాక హైదరాబాద్ స్వతంత్రంగా ఉంటుందని ఫర్మానా ఇచ్చాడు. కాగితం ఉంది, సైన్యం ఉంది, సొంత నాణెం కూడా ఉంది. లేనిది జనం సమ్మతి. తెలంగాణ రైతులు అప్పటికే దొరల మీద తిరగబడ్డారు. స్వామి రామానంద తీర్థ నాయకత్వంలో స్టేట్ కాంగ్రెస్ ఇండియాలో కలపాలని పోరాడింది. బ్రిటన్ కూడా దాన్ని వేరే డొమినియన్‌గా ఒప్పుకోలేదు. 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి తలుపు తట్టింది. సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది, 17కల్లా అంతా ముగిసింది. లాహోర్ కాగితాన్ని జనం చదివారు. ఈ ఫర్మానాని జనానికి వినిపించారు. తేడా అక్కడే.

చివరగా ఒక్క మాట. ఆ కాగితం రాసినవాళ్లని కూడా కట్టేస్తుంది. మనుషులంతా సమానమని రాసిన అమెరికాలో బానిసత్వం కొనసాగింది. బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ 1852లో, మీ జూలై 4తో మాకేం పని అని నిలదీశాడు. అలా అడగడానికి ఆ ప్రకటనే ఆయనకి ఆధారం. మన ప్రతిజ్ఞలో కూడా, కష్టం చేసినవాడికే ఆ కష్టఫలం దక్కాలన్న మాట ఉంది. అది మన కౌలురైతుకి, మన కూలీకి దక్కుతోందా అని అడిగే హక్కు మనకీ ఉంది. ఈ జనవరి 26న స్టేటస్ పెట్టే ముందు ఆ ప్రతిజ్ఞని ఒకసారి పూర్తిగా చదవండి. పెద్దదేం కాదు, పది నిమిషాలు చాలు.